గ్రామసభలో మన మాటకు విలువ ఉందా? పూతలపట్టు ఓటర్ల ప్రశ్నలు, జవాబులు

కర్నూలు నుంచి చిత్తూరు వెళ్లే రోడ్డులో తిరుపతి రోడ్డు వచ్చి కలిసే చోట ఉంది పూతలపట్టు. 2008 పునర్విభజనలో ఎస్సీలకు రిజర్వు చేసిన శాసనసభ నియోజకవర్గంగా ఏర్పడి, 2009లో తొలి ఎన్నికలు చూసింది. పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం, యాదమరి మండలాలు దీని కిందికి వస్తాయి. ఈ అయిదు మండలాల్లో ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఓట్లప్పుడు ఇంటింటికీ వచ్చినోళ్లు ఇప్పుడు ఫోను కూడా ఎత్తరు."

ఆ బాధలో నిజముంది. అయితే నాయకుడు పలకడం, పలకకపోవడం ఆయన మంచితనం ఒక్కదానితో తేలేది కాదు. ఎంతమంది కలిసి అడిగారు, ఏ వేదిక మీద అడిగారు, అడిగినట్టు కాగితం మీద ఆనవాలు ఉందా, మళ్లీ వచ్చి అడిగారా అన్నవే చాలావరకు జవాబును నిర్ణయిస్తాయి. అందుకే ఈ ప్రశ్నలు, జవాబులు.

మనం అడిగినా అడక్కపోయినా వాళ్లు చేసేదే చేస్తారు. అడగడం వల్ల తేడా వస్తుందనడానికి రుజువు ఉందా?

ఉంది. తిమోతీ బెస్లీ, రోహిణీ పాండే, విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్తలు 2002లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళలలో 522 గ్రామాలను సర్వే చేయించారు. గ్రామసభ జరిగిన ఊళ్లలో భూమి లేనివాళ్లకు, చదువు రానివాళ్లకు బీపీఎల్ కార్డులు అందే అవకాశం మిగతా ఊళ్లకంటే మెరుగ్గా ఉందని అందులో తేలింది. అంటే, పంచాయతీలో పలుకుబడి లేనివాళ్లకే సభవల్ల ఎక్కువ మేలు జరిగింది. పలుకుబడి ఉన్నవాళ్లకు సభ ఎందుకు? వాళ్ల పని ఎటూ నడుస్తుంది. సభ జరిగినందుకు మేలు జరిగిందా, మంచి పాలన ఉన్న ఊరిలోనే సభ కూడా సక్రమంగా జరుగుతుందా అని మీరు అడగవచ్చు. న్యాయమైన సందేహమే. కానీ ఒకే ఊరిలో పేదలకూ మిగతావాళ్లకూ మధ్య తేడా ఎలా మారిందో కూడా వాళ్లు చూశారు కాబట్టి ఆ ఫలితాన్ని తీసిపారేయలేం.

ఇంకో అధ్యయనం బెస్లీ, రాబిన్ బర్జెస్‌లది. 1958 నుంచి 1992 వరకు మన దేశంలోని పెద్ద రాష్ట్రాల లెక్కలు తీసి చూశారు. పంట పోయినప్పుడు, వరదలు వచ్చినప్పుడు రేషను బియ్యమూ సహాయ నిధులూ ఏ రాష్ట్రాల్లో ప్రభుత్వాలు చురుగ్గా ఇచ్చాయి? పత్రికలు ఎక్కువగా చదివే రాష్ట్రాల్లో, ఎన్నికల పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో. అందులోనూ ఇంగ్లీషు పత్రికలకంటే స్థానిక భాషల పత్రికల ప్రభావమే ఎక్కువ. తెలుగు దినపత్రికల జిల్లా పేజీలో కూలిన కల్వర్టు ఫోటో వచ్చిన మర్నాడు ఇంజనీరు జీపు రావడం మన ఊళ్లలో చాలామంది చూసిందే.

పరిశోధనలు పక్కన పెట్టినా, అప్పటి మన పక్క జిల్లా చరిత్ర ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. దూబగుంట రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి పాకి, పత్రికల్లోకి ఎక్కి, అది ప్రభుత్వాన్ని కదిలించింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒత్తిడి ఉన్నంతకాలం నిలిచిన నిర్ణయం, ఒత్తిడి తగ్గాక నిలవలేదు.

గ్రామసభ అంటే ఏమిటి? అందులో నాకు హక్కు ఉందా, లేక పిలిచినవాళ్లే వెళ్లాలా?

పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ వద్దనలేరు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. దాని వెంట వచ్చిందే 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం. అందులో 6వ సెక్షన్ గ్రామసభ గురించి చెబుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరగాలి. గడిచిన సంవత్సరం జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, చేయబోయే పనులు, పన్నుల పెంపు ప్రతిపాదనలు, లబ్ధిదారుల ఎంపిక... ఇవన్నీ సభ ముందు పెట్టాలి. సభకు సర్పంచి అధ్యక్షత వహిస్తారు.

సభ చేసిన సూచనలను పంచాయతీ శ్రద్ధగా పరిశీలించాలని చట్టం అంటుంది. చెప్పినవన్నీ చేసి తీరాలని మాత్రం అనదు. ఇది బలహీనతే. కానీ సభ ముందు లెక్కలు పెట్టాల్సిన బాధ్యత విషయంలో చట్టానికి సందిగ్ధం లేదు. గ్రామసభ జరపని సర్పంచి పదవికే ముప్పు తెచ్చే నిబంధన కూడా ఇదే చట్టంలో ఉంది. ఈ సంగతి చాలామంది ఓటర్లకు తెలియదు, కొందరు సర్పంచులకూ తెలియదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనుల ఆమోదం ఆ రోజు ప్రధాన అంశం. అంత పెద్ద ఎత్తున సభలు పెట్టడం సాధ్యమేనని ఆ రోజు రుజువైంది. ఆ రోజు మీ ఊరి సభలో ఆమోదించిన పనుల్లో ఏవి పూర్తయ్యాయి, ఏవి ఆగాయి అని అడగడం ఇప్పుడు మీ వంతు.

మా ఊళ్లో గ్రామసభ కాగితం మీదే జరుగుతుంది. కార్యదర్శి ఇంటికొచ్చి సంతకాలు తీసుకుంటారు. ఏం చేయాలి?

ముందు ఆ సంతకం పెట్టకండి. హాజరు కాని సభకు హాజరైనట్టు సంతకం పెడితే, రేపు ఆ సభలో తీసుకున్న తీర్మానానికి మీరు కూడా సాక్షి అయిపోతారు. ఊళ్లో నలుగురు పెట్టకపోతే చాలు, తర్వాతిసారి దండోరా వేయించాల్సిన అవసరం వస్తుంది.

తర్వాత పంచాయతీ కార్యదర్శికి, సర్పంచికి కలిపి ఒక అర్జీ రాయండి: ఫలానా తేదీన గ్రామసభ ఎక్కడ, ఎన్ని గంటలకు జరిగింది, తీర్మానాల నకలు ఇవ్వండి, తర్వాతి సభ తేదీ ముందుగా తెలియజేయండి అని. వీలైనంత ఎక్కువ మంది సంతకాలు పెట్టండి. ఒక ప్రతి మండల పరిషత్తులో ఎంపీడీవోకు ఇచ్చి రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే చిత్తూరులోని జిల్లా పంచాయతీ అధికారికి పంపండి.

సభ నిజంగా జరిగిన రోజున వెళ్తే, మీరు అడిగిన విషయాన్ని మినిట్స్ పుస్తకంలో రాసేవరకు లేవకండి. రాసింది చదివి వినిపించమనండి. మన ప్రాంతంలో మాట నిలబెట్టుకుంటావా అంటే కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడిలో ప్రమాణం చెయ్యి అంటాం. పంచాయతీ విషయంలో వరసిద్ధుడి దాకా వెళ్లక్కర్లేదు. మినిట్స్ పుస్తకంలో తేదీతో ఒక వాక్యం రాయిస్తే చాలు. సమాచార హక్కు కింద దాని నకలు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

వీధిలైటు, నీళ్లు, రోడ్డు, పాసుపుస్తకం: ఏ పనికి ఎవరిని అడగాలి?

వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త, ఊరి లోపలి రోడ్లు, తాగునీటి సరఫరా పంచాయతీ చేయాల్సిన పనులు. కాబట్టి సర్పంచి, కార్యదర్శి. భూమి రికార్డులు, పాసుపుస్తకం, సరిహద్దు తగాదా రెవెన్యూ వ్యవహారాలు. వాటికి గ్రామ సచివాలయంలో వీఆర్వో, పైన తహసీల్దారు. వీటిని గ్రామసభలో అడిగితే సర్పంచి చేతిలో ఏమీ ఉండదు. పింఛను, రేషన్ కార్డు దరఖాస్తులు సచివాలయంలో ఇవ్వాలి. ఊరూరికీ మధ్య పెద్ద రోడ్లయితే రోడ్లు భవనాల శాఖో, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగమో చూడాలి. మీకు తెలియకపోతే అర్జీ మీద "సంబంధిత శాఖకు పంపగలరు" అని రాసి ఇవ్వండి.

సర్పంచిని అడిగితే 'నిధుల్లేవు' అంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు కాస్త ఓపికగా చదవాలి. ఎందుకంటే 'నిధుల్లేవు' అనే మాట కొన్నిసార్లు సాకు, కొన్నిసార్లు పచ్చి నిజం.

పంచాయతీకి ప్రధానంగా రెండు రకాలుగా డబ్బు వస్తుంది. ఒకటి సొంత ఆదాయం: ఇంటిపన్ను, నీటి కుళాయి రుసుము, లైసెన్సులు, సంత వేలాలు వంటివి. చిన్న పంచాయతీల్లో ఇది చాలా తక్కువ. రెండోది కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. కాబట్టి 'సిమెంటు రోడ్డుకు డబ్బు లేదు' అన్న సర్పంచి మాట నిజం కావచ్చు. అదే నోటితో 'బోరు మోటారు బాగుచేయడానికి డబ్బు లేదు' అంటే మాత్రం ఖాతా చూపించమనాలి.

చూడటం ఎలా? కేంద్రం నడిపే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏటి పంచాయతీ ప్రణాళిక, వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు కనిపిస్తాయి. 'మేరీ పంచాయత్' అనే ఫోను యాప్‌లోనూ చూడవచ్చు. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలెవరైనా కాసేపట్లో తీసి చూపిస్తారు. ఆ కాగితం అచ్చు తీసి గ్రామసభకు తీసుకెళ్లండి. "నిధులు ఉన్నాయా" అనడానికీ, "ఈ ఖర్చు ఏ వీధిలో పెట్టారు" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి ప్రశ్నకు ఎవరైనా తల అడ్డంగా ఊపి తప్పించుకోవచ్చు. రెండోదానికి వీధి పేరు చెప్పాలి.

సర్పంచుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారని, తమ ఖాతాలు ఖాళీ చేశారని కొన్నేళ్ల కిందట రాష్ట్రవ్యాప్తంగా సర్పంచులే, పార్టీలకు అతీతంగా, రోడ్డెక్కారు. అప్పుల పాలైన సర్పంచులు ఎందరో ఉన్నారు. చేతిలో డబ్బు లేని నాయకుణ్ని ఎంత అడిగినా పని జరగదు. అటువంటప్పుడు గ్రామసభలో నిధులు విడుదల చేయాలని తీర్మానం చేయించి, సర్పంచితో కలిసి పైకి పంపాలి. ఆ రోజు సర్పంచి మీకు ఎదుటిపక్షం కాదు, మీ పక్షమే.

సర్పంచి మహిళ. కానీ సభ నడిపేది, సంతకాలు ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆమె భర్త. ఇది చెల్లుతుందా?

చెల్లదు. ఎన్నికైనది ఆమె, అధ్యక్ష స్థానం ఆమెది, సంతకం ఆమెది. భర్త సభలో కూర్చోవచ్చు, ఓటరుగా మాట్లాడవచ్చు. సభను నడపడానికి, అధికారులకు ఆదేశాలివ్వడానికి ఆయనకు ఏ అధికారమూ లేదు. గ్రామసభలో మీ ప్రశ్నను ఆమెనే సంబోధించి అడగండి: "సర్పంచి గారూ, మీరే చెప్పండమ్మా" అని. జవాబు ఆమె నోటి నుంచి వచ్చేవరకు ఆగండి. మొదట తడబడినా ఫర్వాలేదు. తడబడే అవకాశం మగ సర్పంచులకు మనం ఎన్నోసార్లు ఇచ్చాం.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. దీనివల్ల లాభముందా అనే సందేహానికి రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం జవాబిస్తుంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయి. ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది నీటి గురించే. బెంగాల్‌లో ఆడ ప్రధాన్ (సర్పంచి) ఉన్నచోట సభల్లో ఆడవాళ్లు పాల్గొనడం కూడా పెరిగింది. బిందె మోసేవాళ్లకు జవాబు చెప్పేది బిందె మోసిన మనిషి అయితే ఆ జవాబు వేరుగా ఉంటుంది.

మా పంచాయతీ ఏకగ్రీవమైంది. గొడవలు లేవు, ప్రోత్సాహక నిధులూ వస్తాయి. ఇందులో తప్పేముంది?

ఊరంతా కూర్చుని, అందరి మాటా విని, ఒకరిని ఎన్నుకుంటే తప్పు లేదు. 2021 ఎన్నికల్లో జనాభానుబట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ఏకగ్రీవ పంచాయతీలకు ప్రోత్సాహకంగా ప్రకటించారు. కానీ ఆ ఎన్నికల తొలి విడతలోనే చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాల సంఖ్య చూసి రాష్ట్ర ఎన్నికల సంఘం సందేహపడి, నివేదికలు వచ్చేదాకా ప్రకటించవద్దని కలెక్టర్లను ఆదేశించింది. నామినేషన్ వేయనివ్వలేదన్న ఆరోపణలు చిత్తూరు జిల్లాలో వినిపించాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పోటీ లేకుండా గెలిచినవాళ్లకు ఓటరు దగ్గరికి వచ్చి చేతులు జోడించే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఎవరు ఒప్పుకుంటే గెలిచారో వాళ్లకే జవాబుదారీగా ఉంటారు. ఆ ఒప్పుకున్నవాళ్లు ఊరంతా అయితే మంచిదే. నలుగురు పెద్దలయితే, మిగతా ఊరికి అయిదేళ్లూ చేతిలో ఉండేది గ్రామసభ ఒక్కటే. అందుకని ఏకగ్రీవమైన ఊళ్లలో గ్రామసభ ఇంకా గట్టిగా జరగాలి.

సోమవారం అర్జీలు ఎన్నో ఇచ్చాం. 'పరిష్కరించాం' అని ఫోనుకు మెసేజ్ వస్తుంది, పని మాత్రం జరగదు. ఏం లాభం?

ప్రజావాణి, మీ కోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రభుత్వాలతో పేర్లు మారినా పద్ధతి ఒకటే: సోమవారం కలెక్టరేట్‌లో, కింది కార్యాలయాల్లో అర్జీ ఇస్తే ఆన్‌లైన్‌లో నమోదు చేసి నంబరు ఇస్తారు. 1100కు ఫోను చేసి కూడా నమోదు చేయవచ్చు, స్థితి తెలుసుకోవచ్చు. ఆ నంబరు లేకుండా ఇచ్చిన అర్జీ ఇవ్వనట్టే లెక్క.

తప్పుగా మూసేసిన అర్జీని మళ్లీ తెరిపించవచ్చు. మళ్లీ వెళ్లేటప్పుడు పాత నంబరు రాయండి, పని జరగలేదనడానికి తేదీ కనిపించే ఫోటో పెట్టండి, అధికారి ఇచ్చిన జవాబు నకలు అడగండి. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. "మా ఊరికి ఏ సౌకర్యాలూ లేవు" అని రాస్తే ఏ శాఖకు పంపాలో తెలియక అది తిరుగుతూనే ఉంటుంది. "ఎస్సీ కాలనీ మూడో వీధిలో బోరు మోటారు కాలిపోయింది, అప్పటినుంచి నీళ్లు రావడంలేదు" అని రాస్తే పంపాల్సిన చోటు ఒక్కటే.

భూమి సమస్యలకు 2024 డిసెంబరు 6 నుంచి 2025 జనవరి 8 దాకా రెవెన్యూ సదస్సులు జరిగాయి. అప్పుడు అర్జీ ఇచ్చినవాళ్లు ఆ రశీదు పారేయకండి. కొత్త అర్జీకి దాన్ని జతచేయండి.

సమాచార హక్కు చట్టం కింద అడగాలంటే లాయరు కావాలా? ఖర్చెంత?

లాయరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద, తెలుగులో రాస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనిలేదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడవచ్చు.

"పంచాయతీలో ఏం జరుగుతోంది" అని అడగకండి. ఫలానా సంవత్సరం గ్రామసభ తీర్మానాల నకళ్లు, నగదు పుస్తకం, ఫలానా పని కొలతల పుస్తకం అని కాగితాల పేర్లతో అడగండి.

ఇవన్నీ ఎందుకు? ఎమ్మెల్యే ఇంటికి పోతే ఒక్క ఫోనుతో పని అవుతుంది కదా.

అవుతుంది, కొందరికి. తెల్లవారి ఆ ఇంటి ముందు నిలబడే తీరిక, తీసుకెళ్లి పరిచయం చేసే మనిషి ఉన్నవాళ్లకు. కూలికి వెళ్లే ఆడమనిషికి ఆ రెండూ ఉండవు. పైగా అలా జరిగిన పని మీకు చేసిన సాయంగా మిగులుతుంది, ఎన్నికల్లో తిరిగి అడుగుతారు. గ్రామసభలో సాధించుకున్న వీధిలైటుకు ఎవరికీ రుణపడక్కర్లేదు.

శాసనసభ్యుణ్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ఈ జిల్లా రైతులు బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసల్లో రోజుల తరబడి నిలబడ్డారు. ఆ ఒత్తిడితో ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తాను ఇస్తానని, ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని ప్రకటించింది. ఫ్యాక్టరీలు తమ వాటా సరిగా ఇవ్వడంలేదని రైతులు ఆ తర్వాత కూడా ఆందోళన చేయాల్సి వచ్చింది. అలాంటి విషయం శాసనసభలో మాట్లాడాల్సినది. కాలువ పూడిక తీయించడానికి ఎమ్మెల్యే ఎందుకు? అందుకు వార్డు మెంబరు ఉన్నారు. చిన్న పనులన్నీ ఎమ్మెల్యే గుమ్మం ముందే పెడితే, పెద్ద పని అడిగే తీరిక మనకూ ఉండదు, చేసే తీరిక ఆయనకూ ఉండదు.

దళితవాడ నుంచి సభకు వెళ్తే వెనక నిలబెడతారు, మాట్లాడనివ్వరు. మా మాట ఎవరు వింటారు?

గ్రామసభలో ముందు వరుస, వెనక వరుస అని చట్టంలో లేదు. కులం పేరుతో అవమానించినా, ఓటరుగా, సభ్యుడిగా హక్కు వాడుకోనివ్వకుండా అడ్డుకున్నా 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అయితే కేసు దాకా వెళ్లకముందు చేయదగింది ఒకటుంది. ఒక్కరుగా వెళ్లకండి. వాడలోని పొదుపు సంఘాల ఆడవాళ్లందరూ కలిసి, ముందే మాట్లాడుకొని, ఎవరు ఏది అడగాలో పంచుకొని వెళ్లండి. సభ ఎప్పుడూ ఊరి నడిమధ్య గుడి దగ్గరే ఎందుకు పెట్టాలి, ఈసారి వాడలోని బడిలో పెట్టండి అని అర్జీ ఇవ్వండి. నియోజకవర్గం రిజర్వుడు అయినంత మాత్రాన ఊళ్లో సభ సమానం కాదు. ఆ పని ఊళ్లోనే జరగాలి.

ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీలు జరిగాయి కదా. అక్రమాలు బయటపడినా ఏమీ కాలేదు. ఇంక అడిగి ఏం లాభం?

మన రాష్ట్రానికి ఇది గర్వపడే చరిత్ర, బాధపడే చరిత్ర కూడా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అదే ఏడాది నుంచి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సొసైటీయే ఏర్పాటు చేశారు. కూలీల పిల్లలే మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకొని ఇంటింటికీ తిరిగి లెక్కలు సరిచూడటం, మండల కేంద్రంలో అందరి ముందు చదవడం దేశంలో ఎక్కడా అంత విస్తారంగా జరగలేదు.

ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే పరిశోధకులు ఆ తనిఖీ నివేదికలనే తీసుకొని పరిశీలించారు. తనిఖీలు పదేపదే జరిగినా మొత్తం మీద అక్రమాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కూలి డబ్బుల్లో మోసం పట్టుకోవడం తేలికని తెలిశాక, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో మోసం పెరిగింది. దొరికినవాళ్లకు శిక్ష పడింది అరుదు. అంటే ప్రజలు అడగడంలో లోపం లేదు, అడిగిన తర్వాత పైవాళ్లు చేయాల్సింది చేయలేదు. నిరాశ పడాల్సింది అడగడం గురించి కాదు. రికవరీ ఎంత, ఎవరిమీద చర్య తీసుకున్నారు అన్న రెండో ప్రశ్నను కూడా మనమే అడగాల్సి ఉంది. ఆ ప్రశ్నకు కూడా కాగితం ఉంటుంది, అది కూడా సమాచార హక్కు కింద వస్తుంది.

ధర్నా చేస్తే కేసులు పెడతారా?

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడటం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. అయితే 'పోలీసు యాక్టు 30 అమల్లో ఉంది' అని చెప్పే రోజుల్లో ఊరేగింపులకు, సభలకు ముందస్తు అనుమతి అడుగుతారు. రాతపూర్వకంగా అనుమతి కోరండి, నిరాకరిస్తే అది కూడా రాతలో ఇవ్వమనండి. జాతీయ రహదారి దిగ్బంధం చేస్తే కేసు తప్పదు. మండల పరిషత్తు ముందు కూర్చుని అర్జీ ఇవ్వడం వేరు, రోడ్డు ఆపడం వేరు.

పని చేయని సర్పంచిని మధ్యలో దింపవచ్చా?

ఓటర్లు వెనక్కి పిలిచే పద్ధతి మన రాష్ట్రంలో లేదు. సర్పంచి మీద అవిశ్వాస తీర్మానమూ ఉండదు, ఎందుకంటే ఆయన్ని నేరుగా ఓటర్లే ఎన్నుకున్నారు. నిధుల దుర్వినియోగం, అధికార దుర్వినియోగం వంటివి రుజువైతే చట్టం 249వ సెక్షన్ కింద తొలగించే అధికారం ప్రభుత్వ యంత్రాంగానికి ఉంది. దానికి ఆధారాలు కావాలి. ఆధారాలంటే మళ్లీ ఆ మినిట్స్ పుస్తకం, ఆ నగదు పుస్తకం, ఆ రశీదులే.

పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారి పాలన వస్తే ఎవరిని అడగాలి?

2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే, కొత్త ఎన్నికలు 2021 ఫిబ్రవరిలోగానీ జరగలేదు. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే. ఆ కాలంలో గ్రామసభ రద్దయిపోదు, ఎందుకంటే అది ఎన్నికయ్యేది కాదు, ఓటర్ల జాబితా ఉన్నంతకాలం అది ఉంటుంది. సర్పంచి బాధ్యతలన్నీ ప్రత్యేకాధికారివే. సభ పెట్టమని, లెక్కలు చూపమని ఆయన్నే అడగండి. అయిదేళ్లు పూర్తికాకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-ఈ అధికరణం చెబుతోంది కనుక, ఎన్నికలు ఆలస్యమైతే ఎప్పుడు పెడతారని అడగడం కూడా ఓటరు హక్కే.

ఇప్పుడే మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

ఊళ్లో అందరికీ తెలిసిన, చిన్నదైన, ఖర్చు తక్కువైన ఒక సమస్యను ఎంచుకోండి. దాని గురించి పది ఇళ్లవాళ్లు సంతకాలు చేసిన అర్జీ రాయండి. సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి. ఈ-గ్రామస్వరాజ్‌లో మీ పంచాయతీ ఖర్చుల కాగితం తీసి పెట్టుకోండి. తర్వాతి గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని అడిగి తెలుసుకొని, ఆ రోజు కూలి పోయినా సరే వెళ్లండి, మీ ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. మీ అర్జీని సభలో చదివించి మినిట్స్‌లో రాయించండి. ఆ పని జరిగేదాకా, ప్రతి సభలోనూ దాన్నే మళ్లీ అడగండి.